క్యూసీ ల్యాబ్ నుంచి స్పానిష్ క్వెరీల దాకా – నా అనుభవం

2019 వేసవిలో ఒక మధ్యాహ్నం మా మందుల కంపెనీ క్యూసీ ల్యాబ్‌కి, అంటే మందుల నాణ్యత పరీక్షించే చోటికి, కమర్షియల్ వాళ్ల దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. అప్పటికే అది నాలుగు చేతులు మారింది. కొలంబియాలో మా బిళ్ల రిజిస్ట్రేషన్ కోసం వేసిన ఫైలు మీద అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఇన్విమా కొన్ని ప్రశ్నలు అడిగింది. ఉత్తరం స్పానిష్‌లో ఉంటే ఎవరో దాన్ని కంప్యూటర్‌కి ఇచ్చి ఇంగ్లిష్ చేయించారు. మూడో ప్రశ్న దగ్గర ‘వాల్యుయేషన్ పద్ధతి వివరాలు సరిపోలేదు, పూర్తిగా పంపండి’ అన్నట్టు వచ్చింది. వాల్యుయేషన్ అంటే ధర కట్టడమే కదా అని దాన్ని రేట్లు చూసేవాళ్లకి పంపారు. వాళ్లు కష్టపడి రేట్ల లెక్కలు తయారు చేశారు. తొమ్మిది రోజులు అలా పోయాయి. పదో రోజున వాళ్లలోనే ఒకాయనకి, మందుల కంట్రోలు వాళ్లకి మన రేట్లతో పనేమిటని అనుమానం వచ్చింది. అసలు ఉత్తరాన్ని కూడా జతచేసి ల్యాబ్‌కి పంపారు.

నాకప్పుడు స్పానిష్‌లో ఒక్క ముక్క రాదు. కానీ ఆ ప్రశ్న పక్కన హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాల్ని విడదీసి కొలిచే పద్ధతి) అని ఉంది, ‘95,0 % – 105,0 %’ అని ఉంది. అవి నేను రోజూ వర్క్‌షీటులో రాసే అంకెలు. బిళ్లలో మందు ఉండాల్సినంత ఉందా లేదా అని కొలిచే పరీక్షని మేం ఎస్సే అంటాం. స్పానిష్ ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రమాణాల పుస్తకంలో, దాని పేరు ‘బలొరాసియోన్’. మామూలు వాడుకలో ఆ మాటకి విలువ కట్టడం అనే అర్థం ఉంది కాబట్టి కంప్యూటరు అలా రాసింది. వాళ్లు అడిగింది నేను కూర్చునే బల్ల మీద జరిగే పని గురించి. ఆ ప్రశ్న ఆ బల్ల దాకా రావడానికి పది రోజులు పట్టింది.

జవాబు గడువులోగానే వెళ్లింది, నష్టమేమీ జరగలేదు. కానీ ఆ సాయంత్రం రెగ్యులేటరీ అఫైర్స్ (మందులకి అనుమతుల పని చూసే విభాగం) మేనేజరు సారు ల్యాబ్‌కి వచ్చి అన్నమాట నాకు ఉండిపోయింది. ‘‘స్పానిష్ తెలిసినోళ్లు దొరుకుతారమ్మా, వాళ్లకి ఎస్సే అంటే తెలీదు. ఎస్సే తెలిసిన మీకేమో స్పానిష్ తెలీదు. రెండూ తెలిసిన మనిషి కోసం మూడేళ్ల నుంచి చూస్తున్నాం.’’

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో చేరాను. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కంపెనీ బస్సు ఎక్కడం, హైవే మీద వెళ్లడం, పొద్దుపోయాక తిరిగి రావడం. మా బ్యాచ్‌లో చాలామంది హైదరాబాద్ వెళ్లిపోయారు. ఇంట్లో అమ్మని వదిలి వెళ్లలేక నేను ఉండిపోయాను. జీతం ఏడాదికింత అని పెరుగుతోంది గానీ, ఇంకో పదేళ్లకి కూడా అదే మెషీన్ ముందు అదే పని చేస్తుంటానని తెలుస్తూనే ఉంది.

ఆ రాత్రి కూర్చుని చూశాను. స్పానిష్ అధికార భాషగా ఉన్న దేశాలు 20. దాన్ని మాతృభాషగా మాట్లాడేవాళ్లు దాదాపు 50 కోట్ల మంది. ఒక్క అమెరికాలోనే ఇళ్లలో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్లకు పైగా ఉన్నారు. విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ కాల్ సెంటర్లు ‘స్పానిష్ ప్రాసెస్’ అని విడిగా మనుషుల్ని తీసుకునేది ఆ లెక్క వల్లే. మందుల సంగతికొస్తే, దేశానికొక సంస్థ: కొలంబియాలో ఇన్విమా, మెక్సికోలో కోఫెప్రిస్, పెరూలో దిహెమిద్, ఈక్వడార్‌లో ఆర్క్‌సా. ఒక్కో దేశానికి ఒక్కో రిజిస్ట్రేషన్. లేబులూ లోపలి కాగితమూ స్పానిష్‌లో ఉండి తీరాలి. అడిగే ప్రశ్నలు స్పానిష్‌లోనే వస్తాయి. బ్రెజిల్ మాత్రం వేరు, అక్కడ పోర్చుగీసు. దక్షిణ అమెరికా అంతా స్పానిషే అనుకుని అప్లికేషన్ పెట్టేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు, అందుకని చెబుతున్నాను.

నేర్చుకోవడం మొదలైంది మాత్రం 2020 లాక్‌డౌన్‌లో. మొదటి ఆరు నెలలు ఇంగ్లిష్‌లో ఉన్న పుస్తకాలూ వీడియోలూ పట్టుకుని సొంతంగా చదివాను. మాటలు వచ్చాయి, వాక్యం రాలేదు. అప్పుడు ఆన్‌లైన్‌లో కొలంబియా నుంచి చెప్పే ఒక టీచరు దొరికారు. మనకి పొద్దున్న ఆరు అంటే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. వారానికి మూడు రోజులు, గంటసేపు, ఆ తర్వాత పరిగెత్తుకుంటూ కంపెనీ బస్సుకి. మొదట్లో అమ్మ గుమ్మం దగ్గర నిలబడి వినేది. ‘‘తెల్లారకుండా ఎవులితోటే ఆ మాటలు? పక్కింటోలు ఏటనుకుంతారు?’’ అనేది. నాలుగో వారం టీచరమ్మని కంప్యూటర్‌లో చూపించాను. ఆవిడ నవ్వి చెయ్యి ఊపగానే అమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ తర్వాత ఆరింటికి టీ గ్లాసు బల్ల మీదికి వచ్చేది.

ఈ టీచరమ్మ నాకు చేసిన పెద్ద మేలు ఒకటుంది. మొదటి రోజే నన్ను ‘టొమాటో’ని స్పానిష్‌లో అనమన్నారు. ‘టొమాటె’ అన్నాను. కాదు, ‘తొమాతె’ అన్నారు. మళ్లీ ‘టొమాటె’. మళ్లీ ఆవిడ ‘తొమాతె’. నాలుగోసారి అడిగారు, ‘‘మీ సొంత భాషలో ఈ శబ్దం లేదా?’’ ఉంది. తల్లిలో ఉంది, తాతలో ఉంది. నేను తెలుగు మనిషిని అయ్యుండి ఇంగ్లిష్ ‘ట’ని మధ్యలో పెట్టుకుని స్పానిష్‌కి వెళ్లబోయాను. ఆ రోజు నుంచి ఇంగ్లిష్ పుస్తకం పక్కన పెట్టి, లెక్కలు రాసుకునే పొడుగాటి పుస్తకం ఒకటి కొన్నాను. ఒక గడిలో స్పానిష్ మాట తెలుగు లిపిలో, పక్క గడిలో తెలుగు అర్థం, మూడో గడిలో మా ఫార్మాలో దాన్ని ఏమంటారో.

తెలుగు లిపిలో స్పానిష్ ఎంత హాయిగా కూర్చుంటుందో రాసిన కొద్దీ తెలిసింది. అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ, అంతే. చాలా మాటలు మనలాగే అచ్చుతో ముగుస్తాయి. ‘ఎస్పాఞ’ అని రాయడానికి మనం బడిలో నేర్చుకుని వదిలేసిన ‘ఞ’ పనికొచ్చింది. ‘పెరొ’ అంటే కానీ, ‘పెఱ్ఱొ’ అంటే కుక్క, బండి ఱ బతికే ఉందన్నమాట. మాట్లాడతాను, మాట్లాడతావు అని మన క్రియ చివరే నేనూ నువ్వూ తెలిసిపోయినట్టు, వాళ్లకి ‘ఆబ్లొ’, ‘ఆబ్లాస్’. విడిగా నేను అనక్కర్లేదు. నువ్వు–మీరు తేడా వాళ్లకీ ఉంది. నాకు కాఫీ ఇష్టం అన్న మన వాక్యాన్ని ‘మె గుస్త ఎల్ కఫే’ అంటారు, ‘నాకు’తోనే మొదలు. ఇంగ్లిష్ నుంచి వచ్చేవాళ్లు ఈ ఒక్క వాక్యం దగ్గర నెలలు తిప్పలు పడతారట. నాకు ఒక్క రోజు పట్టలేదు.

అందరూ భయపెట్టేది ‘సెర్’, ‘ఎస్తార్’ అనే రెండు క్రియలు. ఇంగ్లిష్‌లో రెండింటికీ ‘ఈజ్’ ఒక్కటే, అందుకే అంత గందరగోళం. తెలుగు నుంచి చూడండి. ‘ఆవిడ డాక్టరు’ అంటాం, అందులో క్రియే లేదు. అక్కడ సెర్. ‘ఆవిడ ఇంట్లో ఉంది’ అంటాం. అక్కడ ఎస్తార్. మనం ‘ఉండు’ వాడే చోట ఎస్తార్, ఏమీ వాడని చోట సెర్ అని పెట్టుకున్నాను. ఇది నూటికి నూరు పాళ్లూ పనిచేయదు. మీటింగు ఎక్కడ జరుగుతుందో చెప్పేటప్పుడు వాళ్లు సెర్ వాడతారు, అలాంటివి విడిగా నేర్చుకోవాలి. కానీ టీచరమ్మ ఒకరోజు ‘ఎస్ బెర్దె’, ‘ఎస్తా బెర్దె’ అని రెండూ రాసి తేడా చెప్పమన్నారు. బెర్దె అంటే ఆకుపచ్చ. మొదటిది రంగు పచ్చ అని, రెండోది కాయ ఇంకా పచ్చిగా ఉంది అని. పచ్చ, పచ్చి! మా పెరట్లో జామచెట్టు కింద నిలబడి చిన్నప్పటి నుంచి అంటున్న మాటే. ఆ పేజీలో తేదీ కూడా వేసుకున్నాను.

కష్టం లేదని కాదు. బల్లకీ కిటికీకీ ఆడ–మగ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ మనసుకెక్కదు, బట్టీ పట్టడమే. కోరిక, అనుమానం, ఇంకా జరగని పని చెప్పేటప్పుడు క్రియ రూపం మార్చేస్తారు, దానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో రెండుసార్లు మానేద్దామనుకున్నాను. అలాంటప్పుడు మన జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చేవారు. సవర మనుషుల్ని దగ్గర కూర్చోబెట్టుకుని వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన మనిషి. ఆయనకి వీడియోల్లేవు, ఆన్‌లైన్ టీచర్లు లేరు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న బడిలో మాతో వ్యాసాలు రాయించేవారు. ఆయన చేసిన పని ఎంత కష్టమో నేను స్పానిష్ నేర్చుకున్నప్పుడే తెలిసింది.

పరీక్ష గురించి వివరంగా రాస్తాను, మనవాళ్లు ఎక్కువగా అడిగేది అదే. స్పెయిన్ విద్యాశాఖ తరఫున ఇన్‌స్తితుతొ సెర్బాంతెస్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ పేరు డెలె. ఎ1 నుంచి సి2 దాకా ఆరు స్థాయిలు. ఒకసారి వస్తే జీవితాంతం చెల్లుతుంది. కంపెనీలు అడిగేది బి2, కొన్ని సి1. నేను రెండుసార్లూ ఢిల్లీలోని వాళ్ల కేంద్రంలోనే రాశాను. విజయనగరంలో సమతా ఎక్కితే ఒక రాత్రి, రెండు పగళ్లు రైల్లో. బి2లో చదివి అర్థం చేసుకోవడం, రాయడం కలిపి 50 మార్కులు. వినడం, మాట్లాడడం కలిపి 50. రెండు భాగాల్లోనూ విడివిడిగా 30 రావాలి. ఒకదాంట్లో ఎక్కువ వచ్చిందని రెండోదానికి కలపరు.

2022 నవంబరులో మొదటిసారి రాశాను. చదవడం–రాయడంలో 38 వచ్చాయి, వినడం–మాట్లాడడంలో 27. ‘నో ఆప్తొ’ అని వచ్చింది, అంటే తప్పినట్టే. మూడు మార్కులు. రెండేళ్ల పాటు నేను విన్నది ఒక్క కొలంబియా గొంతు. పరీక్షలో స్పెయిన్ వాళ్లూ అర్జెంటీనా వాళ్లూ మాట్లాడారు. కొలంబియా వాళ్లు ‘స’ అనే కొన్ని చోట్ల స్పెయిన్‌లో చాలామంది నాలుక పళ్ల మధ్య పెడతారు. అర్జెంటీనాలో ‘య’ని ‘ష’ అంటారు, ‘నువ్వు’కి వేరే మాటే వాడతారు. తెలిసిన మాటలే నా చెవిలో కొత్త మాటల్లా పడ్డాయి. తిరుగు రైల్లో ఏడ్చాను. ఇంటికొచ్చాక టీచరమ్మకి చెబితే ఆవిడ ఒకటే అడిగారు: ‘‘మీ ఊరి తెలుగుని విజయవాడ వాళ్లు మొదటిసారి వింటే అంతా అర్థమవుతుందా?’’ కాదు. చదువుకునే రోజుల్లో నా యాస విని నవ్వినవాళ్లని నేను చూశాను. ఆ ఏడాదంతా బస్సులో పోను రాను స్పెయిన్ జాతీయ రేడియో ఆర్‌ఎన్‌ఈ విన్నాను, అర్థం కాకపోయినా విన్నాను. మూడో నెలలో ఒకరోజు రణస్థలం దాటుతుంటే వార్తలన్నీ ఒక్కసారిగా తెలుగులో చెబుతున్నంత స్పష్టంగా వినిపించాయి.

2023 నవంబరులో మళ్లీ వెళ్లాను. మాట్లాడే పరీక్షకి ముందు 20 నిమిషాలు సిద్ధమవడానికి ఇస్తారు. కాగితం తిప్పి చూస్తే మొదటి పని ‘బలొరార్ ప్రొపుయెస్తాస్’, అంటే ఒక సమస్యకి చెప్పిన పరిష్కారాల మంచిచెడ్డలు బేరీజు వేసి చెప్పడం. బలొరార్! 2019లో తొమ్మిది రోజులు దారి తప్పిన మాట అసలు రూపం అదే. చేతుల వణుకు ఆగింది. రెండో పనిలో ఒక ఫొటో చూసి వాళ్ల మధ్య ఏం జరిగి ఉంటుందో ఊహించి చెప్పాలి, మూడోది ఒక సర్వే అంకెల మీద మన అభిప్రాయం. మూడోదానికి సిద్ధమయ్యే టైము ఉండదు. ఫలితం కొన్ని నెలలకి వచ్చింది. ‘ఆప్తొ.’

ఉద్యోగం సంగతి క్లుప్తంగా. సర్టిఫికెట్ వచ్చిన నెలలోనే రెండు చోట్ల పిలిచారు. విశాఖలో ఒక కాల్ సెంటరు, అమెరికా కస్టమర్లతో స్పానిష్‌లో మాట్లాడే పని, రాత్రి షిఫ్టు, జీతం ఎక్కువే. రెండోది ఇదే హైవే మీద ఇంకో మందుల కంపెనీలో రెగ్యులేటరీ అఫైర్స్, లాటిన్ అమెరికా డెస్కు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూసి పక్కన పెట్టేశారు. ఒక పాత క్వెరీ ఉత్తరం ఇచ్చి, గంటలో ఏ ప్రశ్న ఏ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లాలో రాయమన్నారు. ‘బీద ఊతిల్’ అంటే ఉపయోగపడే జీవితం కాదు, మందు ఎన్నాళ్లు చెల్లుతుందో అని, అది స్టెబిలిటీ వాళ్లకి వెళ్లాలని. ‘సి.ఎస్.పి. 100 మి.లీ.’ అంటే 100 మి.లీ. అయ్యేందుకు సరిపడా అని, మన ‘క్యూ.ఎస్.’ లాంటిదని. భాషొక్కటే తెలిస్తే ఆ కాగితం సగంలో ఆగిపోతుంది. కెమిస్ట్రీ ఒక్కటే తెలిస్తే మొదలే కాదు. నేను రెండోదాంట్లో చేరాను. పాత జీతానికి ఒకటిన్నర రెట్లు ఇచ్చారు, అమ్మ దగ్గరే ఉన్నాను.

చేరిన రెండో నెలలో ఒక మందు లోపలి కాగితం ప్రింటుకి వెళ్లబోతూ నా బల్ల మీదికి వచ్చింది. ‘రోజుకి ఒకసారి ఒక బిళ్ల’ అని ఉండాల్సిన చోట స్పానిష్ వాక్యం మధ్యలో ఇంగ్లిష్ ‘వన్స్’ మాట అలాగే మిగిలిపోయింది. ఇంగ్లిష్ వచ్చినవాళ్లెవరికీ అందులో తప్పు కనపడదు. కానీ అవే నాలుగు అక్షరాలు స్పానిష్‌లో ‘ఒన్సె’, అంటే పదకొండు. బీపీ మందు వేసుకునే ఏ పెద్దావిడో ఆ కాగితం తెరిచి చదివితే! నేను లేచి నిలబడి ప్రింటింగ్ ఆపించాను. ఆ కాగితం జిరాక్సు నా పొడుగాటి పుస్తకంలో అంటించి ఉంది.

అంకెలు కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. కొలంబియాలో 1.000 అంటే వెయ్యి. చుక్క వేలకి, కామా దశాంశానికి. మెక్సికోలో దానికి తిరగబడి, మనలాగే ఉంటుంది. వాళ్ల ‘బిల్యోన్’ ఇంగ్లిష్ బిలియన్ కాదు. బిలియన్ అంటే వంద కోట్లు, బిల్యోన్ అంటే సరిగ్గా మన లక్ష కోట్లు. టెండరు కాగితాల్లో ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఫోన్ కాల్స్ రాత్రి ఏడున్నరకి మొదలవుతాయి, అప్పుడు కొలంబియా రాజధాని బొగోతాలో పొద్దున్న తొమ్మిది. మొదటి కాల్‌లో అవతలి ఆవిడ ‘కోమొ అమనెసియొ?’ అంది. ‘ఎలా తెల్లారింది మీకు?’ అని. మన దగ్గర భోంచేశారా అన్నట్టు, అది అక్కడి పలకరింపు. తర్వాత ‘రెగాలెమె ఎల్ నూమెరొ దె లోతె’ అంది. పుస్తకం ప్రకారం ‘బ్యాచ్ నంబరు నాకు కానుకగా ఇవ్వండి’ అని. కొలంబియాలో మర్యాదగా ఏదన్నా అడగాలంటే అలా అంటారు. సంతకాన్నీ ఒక నిమిషాన్నీ కూడా కానుకగానే అడుగుతారు. నేను బ్యాచ్ నంబరు చదివాను. ‘కొన్ ముచొ గుస్తొ’, అంటే చాలా సంతోషం అనుకున్నాం ఇద్దరం.

కంప్యూటర్లు ఇప్పుడు 2019 కంటే చాలా బాగా అనువాదం చేస్తున్నాయి, ఇంక మనుషులెందుకని కొందరు అడుగుతున్నారు. మొదటి చిత్తుప్రతి నేనూ కంప్యూటరుతోనే చేయిస్తాను, పనిలో సగం తగ్గింది. కానీ కింద ‘చెక్‌డ్ బై’ దగ్గర సంతకం పెట్టేది నేను. వెళ్లాల్సిన మాట వెళ్లిందా లేదా అన్నదానికి రేపు ఇన్విమా అడిగితే చెప్పాల్సింది నేను. ఆ మనిషి కోసమే కంపెనీలు వెతుకుతున్నాయి. ఒక్క మందులనే కాదు. మన తీరంలో పెంచే వెనామీ రొయ్య పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం, 2009లో మన దేశంలో దాన్ని వ్యాపారానికి పెంచడానికి అనుమతి వచ్చింది. ఇవాళ రొయ్యల ఎగుమతిలో మనకి గట్టి పోటీ ఈక్వడార్. అక్కడి చెరువుల వాళ్లు ఏం చేస్తున్నారో వాళ్ల భాషలోనే చదివి చెప్పగలిగే ఆక్వా కుర్రాడు మన జిల్లాలో ఒక్కడున్నా చాలా మేలు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకి ఒకటే చెబుతున్నాను: ముందు మీ పనిని గట్టిగా నేర్చుకోండి, భాష దాని పక్కన పెట్టుకోండి. బి2కి ఉద్యోగం చేసుకుంటూ రెండు మూడేళ్లు పడుతుంది. మూడు నెలల్లో వస్తుందని చెప్పే కోర్సులకి డబ్బు కట్టకండి. పద్ధతిగా డిగ్రీయే చదవాలనుకుంటే హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) స్పానిష్ ఉంది.

మా పాత ల్యాబ్ నుంచి ఇద్దరు అమ్మాయిలు ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికొస్తున్నారు. ఒకరిది పాలకొండ, ఒకరిది చీపురుపల్లి. వాళ్లకి ఇంగ్లిష్ పుస్తకం ఇవ్వలేదు, నా పొడుగాటి పుస్తకం ఇచ్చాను. మొదటి పేజీలో మొదటి గడిలో ‘బలొరాసియోన్’ అని ఉంది. పక్క గడిలో చాలాకాలం ‘ఎస్సే’ అని మాత్రమే ఉండేది. పోయిన ఆదివారం పాలకొండ అమ్మాయి పెన్సిలు తీసుకుని దాని కింద ‘మందు ఎంతుందో కొలిచి చెప్పడం’ అని రాసింది. నేను దాన్ని పెన్నుతో దిద్దుకున్నాను.